బండిలోనే స్నానం.. బరువు మరిస్తే ప్రమాదం
కాంపర్ వ్యాన్‌లో షవర్ బిగించే ముందు చూడాల్సినవెన్నో

విజయవాడ: కాశీ, షిరిడీ వంటి దూర యాత్రలకు సొంత వ్యానులో బయలుదేరే కుటుంబాలకు తెల్లవారితే ఎదురయ్యే మొదటి చిక్కు స్నానం. పెట్రోలు బంకుల వద్ద, దాబాల వెనుక మగవారు ఎలాగో కానిచ్చేస్తారు. మహిళలకు, వృద్ధులకు ఆ వీలు ఉండదు. పడక, పొయ్యి ఉన్న కాంపర్ వ్యానులోనే చిన్న స్నానాల గది కూడా ఉంటే బాగుండుననే ఆలోచన ఇక్కడే మొదలవుతుంది. షవర్ బిగించడం పెద్ద పనేమీ కాదు. దానికి నీరు ఎక్కడి నుంచి రావాలి, వాడిన నీరు ఎక్కడికి పోవాలి, ఆ బరువును బండి మోయగలదా అన్నవే అసలు ప్రశ్నలు.

నీటి లెక్క ముందు

ఇళ్లలో వాడే షవర్ నుంచి నిమిషానికి ఎనిమిది నుంచి పది లీటర్ల నీరు పోతుంది. అయిదు నిమిషాలు నిలబడితే 40 లీటర్లు దాటినట్లే. బండిలో ఇది కుదిరే పని కాదు. చెంబుతో స్నానం చేసేవారు సబ్బు రుద్దుకునేటప్పుడు నీళ్లు పోసుకోరు. షవర్‌లోనూ అదే పద్ధతి పాటించాలి. పిడి మీద మీట నొక్కితేనే నీరు వచ్చే చేతి షవర్‌ను అమర్చుకుంటే ఒక్కొక్కరికి పది లీటర్లు సరిపోతాయి.

నలుగురున్న కుటుంబానికి రోజుకు 40 లీటర్లు, రెండు రోజులకు 80 లీటర్లు. చేతులు, పాత్రలు కడుక్కోవడానికి మరో 20 కలిపితే మొత్తం వంద లీటర్లు. లీటరు నీరు కిలో బరువు కనుక ట్యాంకు నిండితే క్వింటాలు భారం పెరుగుతుంది. స్నానం చేసినంత మాత్రాన ఈ భారం దిగదు. శుభ్రమైన నీటి ట్యాంకులో తగ్గిన బరువు వాడిన నీటి ట్యాంకులోకి చేరుతుంది. దాన్ని ఖాళీ చేసేదాకా బండి మోయాల్సిందే.

అందుకే పని మొదలుపెట్టక ముందే ఆర్‌సీలో నమోదైన గరిష్ఠ బరువును చూసుకోవాలి. మనుషులు, సామాను, ఇంధనంతో సహా బండిని కాటాపై తూచి, మిగిలిన తేడాను బట్టి ట్యాంకు పరిమాణం నిర్ణయించుకోవాలి. ట్యాంకును వీలైనంత కింద, ముందు వెనుక ఇరుసుల మధ్య బిగించాలి. లోపల అడ్డుపలకలు ఉంటే బ్రేకు వేసినప్పుడు నీరు ఒక్కసారిగా ముందుకు తోసుకురాదు. పెద్ద ట్యాంకును పైకప్పు మీద పెడితే మలుపుల్లో బండి పక్కకు ఒరిగే ముప్పు పెరుగుతుంది.

చెమ్మే శత్రువు

రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల పొడవు ఉంటే ఒక మనిషి స్నానం చేయవచ్చు. నిలబడే ఎత్తు లేకపోతే చిన్న పీట వేసుకుంటే సరి. నేలకు అతుకులు లేని ఫైబర్ గ్లాసు ట్రే, గోడలకు అదే రేకు వాడటం మేలు. వెనుక చెక్క అవసరమైతే నీటికి చెడని మెరైన్ ప్లైవుడ్‌నే ఎంచుకోవాలి. అతుకుల వద్ద సిలికాన్ పట్టించాలి. బండి రేకుకు రంధ్రం చేసిన ప్రతిచోటా తుప్పు పట్టకుండా ప్రైమర్ పూయాలి. లోపలికి ఇంకిన చెమ్మ బయటకు కనిపించకుండానే రేకును తినేస్తుంది. కప్పులో చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను లేకపోతే ఆవిరి గోడలకు పట్టి బూజు వస్తుంది.

బండి ఎప్పుడూ సమతలంపైనే నిలవదు. ట్రేకు ఎదురెదురు మూలల్లో రెండు తూములు ఉంటే ఎటు వాలినా నీరు పోతుంది. గొట్టానికి యు బెండు ఉంటేనే ట్యాంకులోని దుర్వాసన పైకి రాదు. వాడిన నీటి ట్యాంకు శుభ్రమైన నీటి ట్యాంకు కన్నా చిన్నదిగా ఉండరాదు. ఆ నీటిని రోడ్డు మీదో, చెరువులోనో వదలకుండా మురుగునీటి వ్యవస్థ ఉన్న చోటే ఖాళీ చేయాలి.

వేడినీళ్లతో జాగ్రత్త

నీరు తోడే 12 వోల్టుల పంపుకు అయ్యే విద్యుత్తు నామమాత్రమే. ఇంజిను బ్యాటరీ దిగిపోకుండా దీనికి విడిగా బ్యాటరీ, ఫ్యూజు ఉండాలి. వేడినీళ్ల సంగతి వేరు. పది లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 230 వాట్ అవర్ల విద్యుత్తు కావాలి. వంద ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవడం మంచిది. అంటే ఇద్దరి స్నానంతోనే దాని పని అయిపోతుంది. కోస్తాలో ఏడాదిలో ఎక్కువ కాలం వేడినీళ్ల అవసరమే రాదు. చలికాలంలో అరకుకో, ఉత్తరాది యాత్రకో వెళ్లినప్పుడు పొయ్యి మీద కాచిన నీళ్లు కలుపుకోవడమే సులువైన మార్గం.

గ్యాస్ గీజరును మాత్రం వ్యాను లోపల బిగించరాదు. మూసిన గదిలో అది మండితే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. రంగు, వాసన లేని ఈ వాయువు స్నానం చేస్తున్నవారిని తెలియకుండానే స్పృహ తప్పించి ప్రాణం తీయగలదు. గదిలో పొయ్యి వెలిగించినా కిటికీలు, తలుపు తెరిచే ఉంచాలి.

అనుమతి తప్పనిసరి

బండిలో చేసే మార్పులు చట్టం పరిధిలోకి వస్తాయి. తయారీదారు పేర్కొన్న వివరాలకు, ఆర్‌సీకి పొంతన లేకుండా వాహనాన్ని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. మోటారు కారవాన్ల ఆమోదానికి ఏఐఎస్-124 పేరిట ప్రత్యేక ప్రమాణం ఉంది. బాడీ షెడ్డుకు బండిని అప్పగించే ముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించి, బీమా సంస్థకు తెలియజేయాలి. లేకుంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారానికి చిక్కులు రావచ్చు.

అన్నీ అమర్చాక యాత్రకు నేరుగా బయలుదేరరాదు. ట్యాంకు నింపి గతుకుల దారిలో ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పి, అతుకులన్నీ తడిమి చూడాలి. చుక్క నీరు కారినా దాన్ని ఊళ్లో ఉండగానే సరిచేయించుకోవడం శ్రేయస్కరం.