పిల్లల్లో వచ్చిపోయే కడుపునొప్పి: పేగులో పేగు దూరితే?

"నొప్పి వస్తే ముడుచుకుని పడుకుంటాడు సార్, కాసేపటికి లేచి ఆడుకుంటాడు. పురుగుల మందు వేశాం, దిష్టి కూడా తీశాం." చిలమత్తూరు చుట్టుపక్కల తల్లులు ఇలా చెప్పడం మాకు కొత్త కాదు. ఇలాంటి నొప్పులు చాలావరకు చిన్నవే. కానీ వారాల తరబడి నొప్పి వచ్చిపోతూ, బిడ్డ బరువు తగ్గుతుంటే ఒక జబ్బును తప్పక గుర్తుంచుకోవాలి.

ఏమిటీ జబ్బు?

చొక్కా చేయి లోపలికి మడతపడినట్టు, పేగులో ఒక భాగం పక్క భాగంలోకి దూరిపోతుంది. దీన్ని ఇంటస్ససెప్షన్ అంటారు. ఎక్కువగా రెండేళ్లలోపు పసిపిల్లల్లో హఠాత్తుగా వస్తుంది. పెద్ద పిల్లల్లో అరుదు. వారిలో కొన్నిసార్లు దారి పూర్తిగా మూసుకుపోదు కాబట్టి జబ్బు నెమ్మదిగా సాగుతుంది. 14 రోజులు దాటితే దీర్ఘకాలికం అంటారు.

ఎందుకు వస్తుంది?

పసిపిల్లల్లో చాలాసార్లు కారణం కనబడదు. పెద్ద పిల్లల్లో మాత్రం పేగును లాగే వస్తువు ఏదో ఒకటి ఉండే అవకాశం ఎక్కువ: పాలిప్, పుట్టుకతో వచ్చిన మెకెల్స్ సంచి, అరుదుగా లింఫోమా అనే క్యాన్సర్ గడ్డ.

ఎలా కనుక్కుంటాం?

అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో వలయంలో వలయంలా కనబడుతుంది. నొప్పి లేనప్పుడు స్కానింగ్ మామూలుగా ఉండవచ్చు. అందుకే నొప్పి ఉన్నప్పుడే తీసుకురండి. పాత రిపోర్టులు పారేయకండి. అనుమానం తీరకపోతే సీటీ స్కాన్ అవసరం కావచ్చు.

చికిత్స

పసిపిల్లల్లో మలద్వారం గుండా గాలి గాని, సెలైన్ గాని ఎక్కించి పేగును వెనక్కు నెడతారు. పెద్ద పిల్లల్లో గడ్డ ఉంటే అలా నెట్టినా కారణం లోపలే మిగిలిపోతుంది. కాబట్టి ఆపరేషన్ చేసి, చెడిన భాగం తీసి, పేగును కలిపి కుడతారు. తీసిన ముక్కను ల్యాబ్ పరీక్షకు పంపుతారు. చిన్నపేగులో కొద్దిగా దూరి, దానంతటదే సర్దుకునేవీ ఉన్నాయి. స్కానింగ్‌లో ఈ పేరు కనబడగానే ఆపరేషన్ తప్పదని భయపడవద్దు.

ఆలస్యం చేయకూడనివి

మలంలో రక్తం, పచ్చని వాంతి, కడుపు ఉబ్బరం, బిడ్డ మగతగా ఉండడం. అప్పుడు తిండి, విరేచనాల మందు ఇవ్వకుండా 108కి ఫోన్ చేయండి. దూరిన పేగుకు రక్తం అందకపోతే అది కుళ్ళి ప్రాణానికే ముప్పు వస్తుంది. పిల్లల సర్జన్ కోసం పెద్ద ఊరికి పంపితే ఖర్చుకు భయపడి ఆగిపోకండి. అక్కడి ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటరులో అడగండి.

బిడ్డ "నొప్పి" అంటే బడి ఎగ్గొట్టే సాకు అని కొట్టిపారేయకండి. ముందు బరువు చూడండి.