ఐదు మీటల తాళం

అమెరికా రోడ్ల మీద తిరిగే ఫోర్డ్ పికప్ ట్రక్కుల్లో చాలావాటికి డ్రైవర్ తలుపు మీద ఒక చిన్న నల్లటి పట్టీ ఉంటుంది. దాని మీద ఐదు మీటలు. ఒక్కో మీటకు రెండేసి అంకెలు: 1-2, 3-4, 5-6, 7-8, 9-0. ఐదంకెల కోడ్ నొక్కగానే తలుపు తాళం తెరుచుకుంటుంది. జేబులో తాళంచెవి ఉండక్కర్లేదు, రిమోట్ ఉండక్కర్లేదు, ఫోన్ కూడా అక్కర్లేదు.

ఈ ట్రక్కులు పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు తిరుగుతాయి. వాటి ఇంజిన్ ఇంకా గట్టిగా ఉండగానే కీప్యాడ్ ముసలిదైపోతుంది. ఎండకు పైపొర పెళుసుబారుతుంది, అంకెలు చెరిగిపోతాయి, మీటల అంచులు పగులుతాయి. పగులులోంచి దిగిన వాన నీరు లోపలి లోహపు కాంటాక్టులను తుప్పు పట్టిస్తుంది. మిచిగన్, మిన్నెసోటా లాంటి చోట్ల అదే నీరు చలికాలంలో గడ్డకట్టి, దాదాపు తొమ్మిది శాతం ఉబ్బి, పగులును ఇంకా పెద్దది చేస్తుంది. అయినా తలుపు ఎలాగో తెరుచుకుంటోంది కదా అని చాలామంది ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తారు. వదిలేయకూడదు. అరిగిన కీప్యాడ్ చూడ్డానికి బాగోదన్నది చిన్న సంగతి. అది యజమాని రహస్యాన్ని దారినపోయేవాళ్లకు చూపిస్తోంది.

ఈ కీప్యాడ్ 1980 మోడల్ కార్లతో పుట్టింది. ఫోర్డ్ థండర్‌బర్డ్, మెర్క్యురీ కూగర్, లింకన్ పెద్ద కార్లు దీన్ని ముందుగా మోశాయి. మైక్రోప్రాసెసర్ చిప్పులు అప్పుడప్పుడే కార్లలోకి అడుగుపెడుతున్న రోజులవి. రిమోట్‌తో తాళం తీసే సదుపాయం యూరప్‌లో రెనో ఫ్యూగో కారులో 1982లో వచ్చింది. అంటే మన చేతిలో ఉన్న రిమోట్ కంటే తలుపు మీది కీప్యాడే పాతది. తర్వాత రిమోట్లు ఇంటింటికీ వచ్చాయి, జేబులో ఉంటే చాలు తలుపు తీసే కీలు వచ్చాయి, ఇప్పుడు ఫోనే తాళంచెవి అయింది. ఇన్ని వచ్చినా కీప్యాడ్ పోలేదు. లగ్జరీ కార్ల అలంకారంగా మొదలైన వస్తువు పనివాళ్ల ట్రక్కుల్లో స్థిరపడింది.

అందుకు కారణం పికప్ యజమాని రోజు గడిచే తీరు. పొలంలో కంచె బాగుచేసేవాడు, ఇళ్లు కట్టే మేస్త్రీ, చెరువులో ఈతకు దిగేవాడు తాళంచెవిని వెంట మోయలేరు. బురదలోనో నీళ్లలోనో అది పడిపోతే ఇల్లు చేరడమే కష్టం. తాళంచెవిని బండిలోనే పెట్టి, తలుపు వేసి, 7-8, 9-0 మీటలు రెండూ కలిపి నొక్కితే అన్ని తలుపులకూ తాళం పడుతుంది. దానికి కోడ్ కూడా అక్కర్లేదు. తిరిగి రాగానే కోడ్ నొక్కితే డ్రైవర్ తలుపు, ఆ వెంటనే 3-4 నొక్కితే మిగతా తలుపులు తెరుచుకుంటాయి. ఈ రోజుల్లో దీనికి ఇంకో మేలు కలిసింది. ఇంట్లో ఉన్న రిమోట్ సంకేతాన్ని దూరానికి చేరవేసి బండి తెరిచే దొంగలు పెరిగారు. కీప్యాడ్ గాలిలోకి ఏ సంకేతమూ పంపదు కాబట్టి అలాంటి దొంగకు దాని దగ్గర దొరికేదేమీ లేదు.

మరి దీని బలం ఎంత? పది అంకెలు కనిపిస్తున్నాయి కనుక ఐదంకెల కోడ్‌లు లక్ష ఉంటాయనుకుంటాం. నిజానికి 1, 2 ఒకే మీట. 13579 నొక్కినా 24680 నొక్కినా తాళానికి ఒకటే. ఐదు మీటలను ఐదుసార్లు నొక్కే పద్ధతులు 3,125 మాత్రమే, అనుకున్నదానిలో ముప్పై రెండో వంతు.

అన్నిటినీ వరసగా ప్రయత్నిస్తే 15,625 నొక్కులు కావాలి. ఇక్కడ ఒక గణిత రహస్యం ఉంది. ఈ తాళానికి కోడ్ ఎక్కడ మొదలైందో చెప్పే మీట లేదు. అది చివరి ఐదు నొక్కులనే చూస్తుంది. కాబట్టి ఒక కోడ్ తోక మరో కోడ్ తల అయ్యేలా వరసను అల్లుకోవచ్చు. అలా అల్లితే 3,129 నొక్కుల్లో అన్ని కోడ్‌లూ వచ్చేస్తాయి. ఇలాంటి వరసలకు డచ్ గణితవేత్త నికొలాస్ డి బ్రూయిన్ పేరు పెట్టారు. ఆయన పత్రం 1946 నాటిది.

తెలుగు బడిలో ఛందస్సు చదివినవాళ్లందరికీ ఇలాంటి వరస ఒకటి కంఠస్థమే: యమాతారాజభానసలగం. య-మా-తా అంటే లఘువు, గురువు, గురువు. అది యగణం. ఒక అక్షరం జరిగి మా-తా-రా అంటే మూడు గురువులు, మగణం. ఇంకోటి జరిగితే తా-రా-జ, తగణం. ఇలా చివరి స-ల-గం వరకూ జరుగుతూ పోతే మూడక్షరాల గణాలు ఎనిమిదీ ఒక్కసారి చొప్పున వస్తాయి. విడివిడిగా రాస్తే 24 అక్షరాలు పట్టేది పదిలో ఇమిడింది. లఘువు, గురువు అనే రెండు మీటలతో మూడు నొక్కుల తాళం ఉంటే, యమాతారాజభానసలగం అని ఒక్కసారి చదివితే అది తెరుచుకోవాల్సిందే. పద్యాలు నేర్పడానికి కూర్చిన ఈ పది అక్షరాలకూ కారు తలుపు తాళానికీ ఒకటే గణితం కావడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

3,129 నొక్కుల ఎత్తుకు పైఎత్తు తయారీదారు ముందే వేశాడు. వరసగా 35 నొక్కులు, అంటే ఏడు కోడ్‌లు, తప్పు పడితే కీప్యాడ్ ఒక నిమిషం పాటు మొరాయిస్తుంది. 3,129 నొక్కుల దొంగ దాదాపు 89 సార్లు ఆగాలి. ఎదురుచూపులకే గంటన్నర. పార్కింగ్ స్థలంలో ఒక తలుపు దగ్గర అంతసేపు ఎవరూ నిలబడరు.

కానీ మీటలు అరిగితే ఈ లెక్క తలకిందులవుతుంది. మూడు మీటలే నలిగి, రెండు కొత్తవాటిలా ఉంటే, ఆ మూడిటినీ వాడే కోడ్‌లు 150 మాత్రమే. రెండే నలిగితే 30. తాళం వేయడానికి రోజూ నొక్కే 7-8, 9-0 మీటల అరుగుదల కొంత తికమక పెడుతుంది, నిజమే. అయినా 3,125 నుంచి 150కి పడిపోయిన తాళాన్ని గట్టి తాళమని ఎవరంటారు?

అరిగిన కీప్యాడ్‌ను మార్చడం పెద్ద పని కాదు, ఓపిక కావాలి. చాలా మోడళ్లలో దారి తలుపు లోపలి వైపు నుంచే. అద్దం పూర్తిగా పైకెత్తి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి. లోపలి హ్యాండిల్ దగ్గర మూతల కింద దాగిన స్క్రూలు తీసి, అంచుల క్లిప్పులు విడిపించి, డోర్ ప్యానెల్‌ను పైకెత్తి ఊడదీయాలి. పవర్ విండో కనెక్టర్లు, హ్యాండిల్ కేబుల్ విప్పాక నీరు లోపలికి రాకుండా అంటించిన ప్లాస్టిక్ పొర కనిపిస్తుంది. దాన్ని చింపకుండా ఒక మూల నుంచి మెల్లగా ఒలవాలి. తిరిగి సరిగ్గా అంటించకపోతే తొలి వానకే బండి లోపల తడుస్తుంది. పాత కీప్యాడ్ కనెక్టర్ ఊడదీసి, దాన్ని బయటికి నెట్టి, కొత్తదాన్ని రబ్బరు గాస్కెట్‌తో సహా కూర్చోబెట్టాలి. ప్యానెల్ బిగించకముందే బ్యాటరీ కలిపి కోడ్ నొక్కి చూడాలి. పని చేయకపోతే తలుపుకూ బాడీకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టంలో వైర్లు చూడండి. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ అవి వంగుతాయి, ఏళ్లు గడిచాక లోపల తెగుతాయి.

కొత్త కీప్యాడ్‌లో పాత కోడే పని చేయడం చూసి కొందరు ఆశ్చర్యపోతారు. కోడ్ కీప్యాడ్‌లో ఉండదు, బండి లోపలి కంట్రోల్ మాడ్యూల్‌లో ఉంటుంది. తలుపు మీది పట్టీ నొక్కులను చేరవేస్తుంది, అంతే. పైన అతికించే వైర్‌లెస్ కీప్యాడ్‌ల సంగతి వేరు, వాటిని విడిగా ప్రోగ్రామ్ చేయాలి.

బండితోపాటు వచ్చే ఫ్యాక్టరీ కోడ్‌ను యజమాని మార్చలేడు, చెరపలేడు. దాని పక్కన సొంత కోడ్ ఒకటి చేర్చుకోగలడు: ఫ్యాక్టరీ కోడ్ నొక్కి, ఐదు సెకన్లలోపు 1-2 నొక్కి, కొత్త ఐదంకెలు ఇవ్వాలి. వివరాలు మీ మోడల్ యజమాని పుస్తకంలో చూసుకోండి. ఇన్నాళ్లూ రోజూ ఫ్యాక్టరీ కోడ్ నొక్కినవాళ్లు కొత్త కీప్యాడ్ బిగించిన రోజు నుంచి సొంత కోడ్‌కు మారాలి. అప్పుడు కొత్త మీటల మీద పడే అరుగుదల ఫ్యాక్టరీ కోడ్‌ను బయటపెట్టదు. ఆ కోడ్ ఉన్న కార్డును బండిలో కాకుండా ఇంట్లో దాచుకోండి.

సొంత కోడ్ ఎంచుకునేటప్పుడు ఐదు మీటలూ వాడితేనే గట్టిదనుకోవద్దు. అప్పుడు మీటలన్నీ అరిగాక మిగిలే కోడ్‌లు 120. నాలుగు మీటలు వాడి, వాటిలో ఒకదాన్ని రెండుసార్లు నొక్కేలా పెట్టుకుంటే 240 మిగులుతాయి. అన్నిటికంటే ఎక్కువ అదే.