దవడలో ఇరుక్కున్న జ్ఞానదంతం

17 నుంచి 25 ఏళ్ల మధ్య దవడ చివర జ్ఞానదంతం వస్తుంది. చోటు చాలకపోతే ఎముకలోనే అడ్డంగా ఇరుక్కుంటుంది. చిగుళ్లు వాచి నోరు తెరవడమే కష్టమవుతుంది. లవంగ నూనె నొప్పిని కాసేపు అణుస్తుందే తప్ప పన్నును కదల్చదు.

ఈ పన్ను తీయించుకోవాలంటే కాణిపాకం ఉన్న ఐరాల మండలం వాళ్లకు చిత్తూరు దగ్గర. తిరుపతిలో సీకేఎస్ తేజ దంత వైద్య కళాశాల ఉంది. ముందు రెండు దవడలూ కనిపించేలా ఎక్స్‌రే తీస్తారు. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం పన్ను వేళ్లకు ఎంత దగ్గరగా ఉందో చూడటమే అన్నిటికన్నా ముఖ్యం. తర్వాత మత్తు సూది వేసి, చిగుళ్లు కోసి, అవసరమైతే కాస్త ఎముక తొలిచి, పన్నును ముక్కలుగా తీసి కుట్లు వేస్తారు.

జబ్బు లేని పన్నును ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దని బ్రిటన్ వైద్య మార్గదర్శకాల సంస్థ నైస్ 2000లోనే చెప్పింది. ఆ మాట సబబే.

పన్ను తీశాక పొగ తాగకూడదు. గాయంలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే రెండు మూడు రోజులకు నొప్పి విపరీతంగా తిరగబెడుతుంది.