ఒక ఇసుక తిన్నె, రెండు వైపుల నీళ్ళు

ద్వీపకల్పాన్ని ఉర్దూలో 'జజీరా నుమా' అంటారు. అంటే జజీరాలా కనిపించేది అని. ఫ్రెంచి వాళ్ళు 'దాదాపు దీవి' అనే అర్థంలో 'ప్రెస్క్ ఐల్' అన్నారు. మన తెలుగులో 'ద్వీపకల్పం' అన్నా భావం అదే. మూడు భాషల వాళ్ళకూ కనిపించింది ఒకటే దృశ్యం: మూడు పక్కలా నీళ్ళు, ఒక పక్క మాత్రం నేలను వదలకుండా పట్టుకున్న భూమి. ఆ ఫ్రెంచి పేరే అమెరికాలో ఒక పార్కుకు స్థిరపడింది. పెన్సిల్వేనియా రాష్ట్రపు వాయవ్య మూలలో, ఈరీ నగరాన్ని ఆనుకుని, ఈరీ సరస్సులోకి చేయి చాచినట్టుండే ఇసుక నేల అది. 1921 నుండి రాష్ట్ర ప్రభుత్వ పార్కుగా ఉంది. ప్రవేశ రుసుము లేదు.

క్లీవ్‌లాండ్ నుండి సుమారు 160, బఫెలో నుండి 150, పిట్స్‌బర్గ్ నుండి 200 కిలోమీటర్ల దూరం. ఈ మూడు నగరాల్లోనూ మన తెలుగు కుటుంబాలున్నాయి. వేసవిలో కొడుకు ఇంటికో, కూతురు ఇంటికో వెళ్ళిన అమ్మీ అబ్బాలను పిల్లలు సెలవు రోజున కారెక్కించి తీసుకువెళ్ళే చోట్లలో ఇదొకటి. వెళ్ళే ముందు ఈ పార్కు స్వభావం తెలుసుకుంటే మంచిది. ఎందుకంటే ఇక్కడ ఒకే రోడ్డుకు ఒక పక్క అద్దంలా నిలిచిన నీరు, మరో పక్క ఒడ్డును కొట్టే అలలు. కొత్తగా వచ్చినవారి మనసు సహజంగా నిలిచిన నీటివైపే మొగ్గుతుంది. కాని ఈత కొట్టడానికి కేటాయించిన బీచ్‌లన్నీ ఉన్నది అలల వైపే!

ఇసుక కట్టిన గోడ

ఈరీ సరస్సు చూపుకు సముద్రమే. పొడవు సుమారు 388 కిలోమీటర్లు, వెడల్పు 92 కిలోమీటర్లు. అవతలి ఒడ్డు కెనడా దేశం. ఇవతల నిలబడితే అది కనిపించదు. నీటిలో ఉప్పు ఉండదు. ఉత్తర అమెరికాలోని అయిదు మహా సరస్సుల్లో లోతు తక్కువైనది ఇదే. సగటు లోతు 19 మీటర్లు, మిక్కిలి లోతైన చోట 64 మీటర్లు. లోతు తక్కువ కనుక వేసవిలో నీరు త్వరగా వెచ్చబడుతుంది. గాలి లేచిందంటే అంతే త్వరగా అలలూ లేస్తాయి.

ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి నుండి వీస్తుంది. ఆ గాలికి లేచిన అలలు తీరం వెంబడి ఇసుకను తూర్పుకు తోస్తూ పోతాయి. అలా పేరుకున్న ఇసుకే ఈ 3,200 ఎకరాల నేల. మోచేయి వంచిన చేతిలా ఉంటుంది దీని ఆకారం. చేతికి బయటి వైపు సరస్సు, లోపలి వైపు ఖాతం. సరస్సు అలల దెబ్బలన్నీ ఈ ఇసుక తిన్నె కాచుకుంటుంది కనుకనే ఖాతంలో నీరు నిమ్మళంగా ఉంటుంది.

మన వాళ్ళకు దీని రూపం కాకినాడలో తెలుసు. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ బంగాళాఖాతపు అలలకు అడ్డు నిలిచింది. దాని చాటున కాకినాడ రేవు సురక్షితమైంది. అయితే ఇసుక ఒక చోట నిలిచే వస్తువు కాదు. ప్రెస్క్ ఐల్‌లో పడమటి మెడ భాగం కోతకు గురవుతుంటే తూర్పు కొన పెరుగుతూ ఉంటుంది. 19వ శతాబ్దంలో అలలు ఆ మెడను తెంచిన సందర్భాలున్నాయి. 1989-1992 మధ్య అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం తీరానికి కాస్త దూరంలో 55 రాళ్ళ అడ్డుకట్టలు కట్టింది. అయినా కొత్త ఇసుక తెచ్చి పోయవలసిన అవసరం తీరలేదు.

నిమ్మళమైన నీటి కథ

ఖాతం వైపు పడవల రేవులు, చేపలు పట్టేవాళ్ళు, చెట్ల నీడన నడిచే దారులు ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు కుర్చీ వేసుకుని కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. సుకూన్ అన్న మాటకు అర్థం అక్కడ కళ్ళకు కనిపిస్తుంది.

ఈ ఖాతానికి ఒక చరిత్ర కూడా ఉంది. 1813లో అమెరికాకూ బ్రిటన్‌కూ యుద్ధం జరుగుతున్నప్పుడు అమెరికా నౌకాదళాధికారి ఆలివర్ హజార్డ్ పెర్రీ ఓడలు కొన్ని ఇక్కడే తయారయ్యాయి. ఖాతం ముఖద్వారంలో ఇసుక మేట ఉండడం వల్ల బ్రిటిష్ ఓడలు లోపలికి రాలేకపోయాయి. అదే మేట దాటించడానికి పెర్రీ తన పెద్ద ఓడల ఫిరంగులు దింపి, వాటిని తేలిక చేసి, పైకి లేపి బయటకు తేవలసి వచ్చింది. ఆ ఏడు సెప్టెంబరు 10న ఈరీ సరస్సు యుద్ధంలో ఆయన గెలిచాడు. గెలిచిన నావికులు తిరిగి వచ్చి, ఖాతంలోని ఒక చిన్న పాయలో చలికాలం గడిపారు. మశూచి సోకి వారిలో అనేకులు చనిపోయారు. అందుకే ఆ పాయకు 'మిజరీ బే' అని పేరు వచ్చింది. అంటే దుఃఖపు ఖాతం. దాని పక్కనే 1926లో కట్టిన 101 అడుగుల స్మారక స్తంభం నిలబడి ఉంది.

నిలిచిన నీటికి నేటి కాలపు బాధలూ ఉన్నాయి. వేసవి చివర్లో వెచ్చబడిన నిశ్చల జలంలో నీలి ఆకుపచ్చ నాచు పెరగవచ్చు. దానిలో కొన్ని రకాలు విషాన్ని విడుదల చేస్తాయి. ఖాతం అంతటా మోటారు పడవలు తిరుగుతుంటాయి. పైగా కాపలా లేని చోట ఎవరైనా మునిగితే చూసే కన్ను ఉండదు. కనుక ఆ నీటిని కళ్ళారా చూడండి, పడవ ఎక్కండి. ఎక్కేముందు ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్టు తొడగండి. స్నానానికి మాత్రం అటు దిగకండి.

అలల వైపు

సరస్సు వైపు బీచ్‌లకు వరుసగా అంకెల పేర్లున్నాయి. లైఫ్‌గార్డులు కాపలా ఉన్న వేళల్లో, వారు గుర్తులు పెట్టిన హద్దుల్లోనే ఈతకు అనుమతి. మే నెలాఖరు నుండి సెప్టెంబరు మొదటి వారం వరకూ ఈ ఏర్పాటు ఉంటుంది. ఏ రోజు ఏ బీచ్‌లో కాపలా ఉందో అక్కడి బోర్డు చూసి తెలుసుకోవాలి. పెద్ద వర్షం పడిన తర్వాత నీటిలో బ్యాక్టీరియా పెరిగితే హెచ్చరిక పెడతారు. ఆ రోజు ఒడ్డునే ఉండాలి. చిన్న పిల్లలున్న వాళ్ళు తూర్పు కొన దగ్గరి 11వ నంబరు బీచ్‌ను ఎంచుకుంటారు. సరస్సు వైపే ఉన్నా ఆ చోటు కాస్త చాటుగా ఉండి, అలల జోరు తగ్గుతుంది.

మంచినీటి సరస్సు కదా, సముద్రమంత ప్రమాదం ఉండదని అనుకోవడం సరికాదు. సముద్రపు అలల మధ్య ఎడం ఎక్కువ. సరస్సులో ఒక అల తర్వాత మరొకటి వెంటవెంటనే వస్తుంది. పడినవాడు లేచి ఊపిరి తీసుకునేలోగా ఇంకొకటి తలమీద పడుతుంది. ఉప్పు నీటిలో తేలినంత తేలికగా మంచినీటిలో మనిషి తేలడు. రాళ్ళ అడ్డుకట్టల వెనక చేరిన నీరు తిరిగి సరస్సులోకి పోయేటప్పుడు కట్టల మధ్య సందుల్లో గట్టిగా లాగుతుంది. ఆ రాళ్ళ దాకా ఈదాలని, వాటిమీద ఎక్కాలని కుర్రవాళ్ళు పందాలు వేసుకోకూడదు.

ఇంకొక సంగతి. దక్షిణపు గాలి వీచే రోజున ఈ బీచ్ దగ్గర నీరు ఎంతో ప్రశాంతంగా కనిపిస్తుంది. గాలి నేలమీది నుండి సరస్సు వైపు పోవడమే దానికి కారణం. ఆ రోజే గాలి ఊదిన ట్యూబుల మీద, పరుపుల మీద పడుకున్న పిల్లలు తెలియకుండానే లోపలికి కొట్టుకుపోతారు. గాలి చాలా గంటలు ఒకే దిక్కున బలంగా వీస్తే సరస్సు నీరంతా ఒక కొనకు పోగుపడుతుంది. 1844 అక్టోబరులో అలా పోగుపడిన నీరు బఫెలో నగరం మీద పడి పదుల ప్రాణాలు తీసింది.

దిగే ముందు, దిగిన తర్వాత

ఇంట్లో పదిమంది పెద్దవాళ్ళుంటే పిల్లవాణ్ణి ఎవరో ఒకరు చూస్తున్నారులే అని పదిమందీ అనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడ ఉంది. నీటిలో మునిగేవాడు సినిమాలో లాగా కేకలు వేయడు. నోరు నీటిపైకి వచ్చిన క్షణంలో ఊపిరి పీల్చుకోవడమే వాడికి గగనం. చేతులు ఊపడానికీ శక్తి ఉండదు. అందుకని వంతులు వేసుకోండి. ఒకరు అరగంట చూడాలి. ఆ అరగంటలో వారి చేతిలో ఫోను, వార్తాపత్రిక, పళ్ళెం ఏదీ ఉండకూడదు. వంతు ముగిశాక తర్వాతివారి పేరు పిలిచి అప్పగించాలి. లైఫ్‌గార్డు ఉన్నాడు కదా అని ఈ పని మానకూడదు. ఆయనకు కనిపించేది వందలమంది, మీకు కావలసింది మీ పిల్లలు.

ప్రవాహం లాగితే ఎదురీదకండి. వెల్లకిలా తేలండి, ఊపిరి నిలదొక్కుకోండి. లాగుడు తగ్గిన చోట పక్కకు ఈదుతూ ఒడ్డు చేరండి, లేదా చేయెత్తి సహాయం అడగండి. ఎవరైనా మునుగుతుంటే ఈత వచ్చినా వెంటనే దూకకండి. తేలే వస్తువు ఏదైనా విసరండి, లైఫ్‌గార్డును పిలవండి. ఒకరిని కాపాడబోయి అన్నదమ్ములిద్దరూ, తండ్రీ కొడుకులూ పోయిన వార్తలు మన ఊళ్ళ చెరువుల దగ్గర, కాలువల దగ్గర ఎన్ని చదవలేదు!

ఆడవాళ్ళ మాట కూడా చెప్పాలి. విహారం అంటే మగవాళ్ళు, మగపిల్లలు నీటిలో ఆడుకోవడం, అమ్మీ, ఆపా చాప మీద కూర్చుని సామాను కాయడం అన్నట్టు తయారైంది. వారికీ చల్లటి నీటిలో నిలబడాలని ఉంటుంది. కాని తడిసిన బురఖా, దుపట్టా, కుచ్చిళ్ళ సల్వార్ బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటాయి. నిండుగా ఉంటూనే ఒంటిని పట్టి ఉండే, త్వరగా ఆరే ఈత దుస్తులు ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి తొడుక్కుని, జనం పలచగా ఉండే ఉదయం వేళ చాటుగా ఉన్న బీచ్‌కు వెళ్ళవచ్చు. ఆ సమయంలో సామాను మగవాళ్ళు చూసుకోవాలి. ఆడపిల్లలకు ఈత నేర్పించడం సరదా కోసం అనుకోకండి, అది వారి ప్రాణరక్షణ.

నమాజు విషయంలో పెద్దలకు రెండు కొత్త సంగతులు ఎదురవుతాయి. ఇక్కడ కిబ్లా ఈశాన్యం వైపు. జూన్ చివర సూర్యుడు అస్తమించేది సుమారు రాత్రి తొమ్మిది గంటలకు. జుహర్, అసర్ పచ్చిక మీద చదువుకోవచ్చు. పార్కు సూర్యాస్తమయానికి మూసేస్తారు కనుక మగ్రిబ్‌కు ముందే ఏర్పాటు చూసుకోండి. కబాబులు కాల్చిన బొగ్గులను ఇసుకలో పూడ్చకండి. పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు ఉండి పసిపాదాలను కాలుస్తుంది.

మనలో చాలామంది అమెరికా వెళ్ళకపోవచ్చు. కాని అక్కడి పిల్లలు ఫోను చేసి "రేపు బీచ్‌కు వెళ్తున్నాం, అబ్బా" అంటారు. అప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: అక్కడ లైఫ్‌గార్డు ఉన్నాడా? గాలి ఎటు వీస్తోంది? పిల్లలను చూసే మొదటి వంతు ఎవరిది? ఈ ఆదివారం మీ ఊరి చెరువుకు బయలుదేరే మీ ఇంటి పిల్లలనూ ఇవే అడగండి. అక్కడ లైఫ్‌గార్డు ఉండడు. కనుక మూడో ప్రశ్నకు జవాబుగా ఒక పెద్దవారి పేరు వినిపించేదాకా వారిని గడప దాటనివ్వకండి.