పాత ట్రాక్టర్ కొంటున్నారా? అది ఏ సంవత్సరం బండో ముందు తేల్చుకోండి

మన అనంతపురం మెట్ట భూముల్లో వాన పడ్డాక వేరుశనగ విత్తడానికి పదును నిలిచేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో బండి మొరాయిస్తే ఆ కారు పోయినట్టే. అందుకే ఏరువాక ముందు చాలామంది తొందరపడి పాత ట్రాక్టర్ కొంటారు. నాకు తెలిసిన ఒక రైతు కొత్త బోనెట్, మెరిసే స్టిక్కర్లు చూసి నాలుగేళ్ల బండి అనుకుని అప్పు చేసి కొన్నాడు. తీరా ఆర్‌సీలో చూస్తే పదకొండేళ్లది.

పేరు ఒకటే, బండ్లు వేరు

మహీంద్రా 575, మాస్సీ 1035 వంటి పేర్లతో ఏళ్ల తరబడి ట్రాక్టర్లు వస్తున్నాయి. పేరు అదే అయినా లోపలి భాగాలు మారుతూ వచ్చాయి. పాతవాటిలో డ్రై బ్రేకులు, మామూలు స్టీరింగ్ ఎక్కువ. తర్వాతి వాటిలో ఆయిల్ బ్రేకులు, పవర్ స్టీరింగ్ ఎక్కువగా కనిపిస్తాయి. ధరే కాదు, స్పేర్ పార్టులు కూడా తేడా వస్తాయి.

వయసు ఎలా తెలుసుకోవాలి?

1. బండి మీద చెక్కిన చాసిస్, ఇంజన్ నంబర్లను ఆర్‌సీతో అంకె అంకె సరిచూడండి. నంబరు గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు ఉంటే ఆ బేరం వదిలేయండి.
2. ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. రిజిస్ట్రేషన్ తేదీని కాదు, దీన్ని చూసి ధర మాట్లాడండి.
3. మన జిల్లా పాత సిరీస్ ఏపీ 02. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. ఏపీ 02 బండిని 2021 మోడల్ అంటే నమ్మవద్దు.
4. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఇది టైరు వయసే, బండి వయసు కాదు.
5. అవర్ మీటర్ మార్చేయవచ్చు. తక్కువ గంటలు చూపిస్తూ క్లచ్, బ్రేక్ పెడళ్లు బాగా అరిగి ఉంటే అనుమానించండి.

నడిపి చూడండి

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి మీ ముందే స్టార్ట్ చేయించండి. నీలి పొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్ ఆయిల్ కాలుస్తోందని అర్థం. గొర్రును లిఫ్టుతో పైకెత్తి ఇంజన్ ఆపండి. వెంటనే కిందికి జారితే హైడ్రాలిక్‌లో లోపం ఉంది. మీకు నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. అమ్మేవాడి మెకానిక్ మాట వినవద్దు.

కాగితాలు

ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే, ఆ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వవద్దు. బాకీ ఉంటే బండిని మీ ఇంటి నుంచే తీసుకెళ్తారు. ఫారం 29, 30 మీద అమ్మేవాడి సంతకాలు తీసుకుని, 30 రోజుల్లోపు పేరు మార్పుకు దరఖాస్తు చేయండి. ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్పించుకోండి. బళ్లారి వైపు నుంచి వచ్చే కేఏ 34 బండికి అక్కడి ఆర్‌టీఓ ఎన్‌ఓసీ తప్పనిసరి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. ఆ గడువు దగ్గరపడితే రెన్యువల్ ఖర్చును ధరలో తగ్గించమని అడగండి.

అడ్వాన్సు ఇవ్వక ముందే ఆర్‌సీ జిరాక్స్ అడగండి. రేపు చూపిస్తానంటే మీరూ డబ్బు రేపే ఇస్తానని చెప్పండి.