మద్యమెరుగనివారికి కాలేయమున క్రొవ్వు

ఎచ్.ఐ.వి. సోకినను ప్రతిదినము మాత్రలు వేసికొనుచు ఆరోగ్యముగా నున్న వ్యక్తికి కాలేయమున క్రొవ్వు చేరినదని పొట్ట స్కానింగులో తెలిసినపుడు, ఇంటివారు ముందుగా చాటుగా త్రాగుచున్నాడేమో యని శంకింతురు. పిమ్మట మాత్రలను శంకింతురు. మొదటి శంక అనేకుల విషయమున అన్యాయము. రెండవది అపాయకరము, ఏలయన దానితో మాత్రలు మానివేయువారు గలరు.

కాలేయమునకు చేరు రక్తములో సుమారు నాలుగింట మూడు వంతులు జీర్ణావయవములనుండి నిర్వాహక సిర గుండా వచ్చును. ప్రేగులలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసించుట సహజమే. ప్రేగు లోపలి పొర గట్టిగా నున్నంతవరకు అవి తమ హద్దు దాటవు. ఎచ్.ఐ.వి. తొలినాళ్ళలోనే ఆ పొరను కాపాడు సి.డి.4 కణములను విశేషముగా నాశనము చేయును. పొర సడలగా సూక్ష్మజీవుల గోడల తునకలు రక్తములోనికి జారును. దీర్ఘకాలముగా ఈ వైరస్ గలవారి రక్తములో అట్టి తునకలు అధికముగా నుండుట 2006లో ప్రకటితమైన పరిశోధనవలన వెల్లడియైనది. చికిత్సచే వైరస్ అణగినను ప్రేగు పూర్తిగా కోలుకొనదు. అధిక బరువువలననో, మధుమేహమువలననో క్రొవ్వు పట్టిన కాలేయమునకు ఈ తునకల రాక అగ్నిలో ఆజ్యము వంటిది. కాలేయము వాచి, క్రమముగా మచ్చలు కట్టవచ్చును.

మాత్రలపై అపవాదు పూర్తిగా నిరాధారము కాదు. స్టావుడిన్, డిడానొసిన్ అను పాతమందులు కాలేయమున క్రొవ్వు చేర్చిన మాట నిజము. నేడు ఇచ్చు మాత్రలో అవి లేవు. అందలి డొల్యుటెగ్రావిర్ వలన కొందరు బరువెక్కుదురు. ఆ సంగతి వైద్యునితో చెప్పవలెను. అదే మాత్రలోని టెనోఫోవిర్, లామివుడిన్ హెపటైటిస్-బి వైరస్‌ను గూడ అణచియుంచును. ఆ వ్యాధియు గలవారు హఠాత్తుగా మాత్ర మానిన యెడల కాలేయమే తీవ్రముగా దెబ్బతినును.

తూకము ఎక్కువగానున్న 70 కిలోల మనిషి 5 మొదలు 7 కిలోలు తగ్గినచో కాలేయమున క్రొవ్వు, వాపు రెండును తగ్గును. పప్పులు, ఆకుకూరలు, రాగులు, జొన్నలు తినుటవలన ప్రేగులలోని మేలుచేయు జీవులకు పీచు లభించును. పెరుగు మంచిదే, కాని మందుల దుకాణములలో అమ్ము సూక్ష్మజీవుల పొట్లములు ఈ వ్యాధికి మందని రుజువు కాలేదు.

మచ్చల అనుమానము తీర్చుకొనుటకు తొలుత ఖరీదైన యంత్రము అక్కరలేదు. రోగి వయస్సు, రక్తములోని రెండు కాలేయ ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్య, ఈ నాలుగింటితో వైద్యుడు ఫిబ్-4 అను అంకెను లెక్కకట్టును. సాధారణముగా అది 1.3కు లోబడియున్నచో ముదిరిన మచ్చలుండుట అరుదు. మించినచో తదుపరి పరీక్షలు చేయింతురు.