మీకు తెలుసా? రాజమండ్రి నల్లరాయి పడమటి కనుమల లావా!

తుని పక్కన కనిపించే తూర్పు కనుమల కొండలకూ లావాకూ సంబంధం లేదు. అవి భూగర్భపు వేడికీ ఒత్తిడికీ దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట రూపు మారిన రాళ్లు. అసలు లావా చూడాలంటే రాజమండ్రి దగ్గరి కాతేరుకో, గోదావరి దాటి పంగిడి, గౌరీపట్నం క్వారీలకో వెళ్లాలి. రోడ్లకు కంకరగా కొట్టే అక్కడి నల్లరాయి సుమారు 6.5 కోట్ల ఏళ్ల నాటి బసాల్టు. రాజోలు ప్రాంతంలో చమురు బావులు తవ్వితే లోతున ఇదే తగిలింది. సముద్రగర్భం కిందికీ సాగింది.

మరి దీన్ని కక్కిన అగ్నిపర్వతం ఏది? ఇక్కడే భూమిలో లావా వెలువడిన పగులు ఉండేదని కొందరు వాదించారు. కానీ ఈ రాయి రసాయన గుణాలు పడమటి కనుమల్లోని మహాబలేశ్వర్ ప్రాంతపు దక్కన్ లావాతో సరిపోలాయి. మధ్యలో 300 కిలోమీటర్లకు పైగా లావా ఆనవాలే లేదు కదా అంటారు. అది పాత నదీలోయల వెంట పారిందనీ, లోయల్లోని పలుచటి రాయి తర్వాత కోతకు గురైందనీ అనుకుంటే చిక్కు విడిపోతుంది. అంతదూరం పారేలోగా లావా చల్లారదా? పాల మీద మీగడలా పైపొర గట్టిపడి లోపలి వేడిని కాపాడుతుంది. క్వారీల్లో రెండు లావా పొరల నడుమ ఆల్చిప్పలున్న సున్నపురాయి కనిపిస్తుంది. అంటే ఆ ప్రవాహం చేరింది అప్పటి సముద్రతీరానికే.